అనంతపురం ఎండల్లో పాత ఎలక్ట్రిక్ కారు: కొనేముందు ఏం చూడాలి, ఇంట్లో చార్జింగ్ ఎలా పెట్టుకోవాలి, ఏళ్ల తరబడి ఎలా కాపాడుకోవాలి

ఐదారేళ్లు తిరిగిన ఎలక్ట్రిక్ కార్లు ఇప్పుడు మన జిల్లాలో బాగానే చేతులు మారుతున్నాయి. 2020 జనవరిలో వచ్చిన తొలి నెక్సాన్ ఈవీ, అదే నెలలో వచ్చిన ఎంజీ జెడ్‌ఎస్ ఈవీ, వాటికంటే ముందటి మహీంద్రా ఈ2ఓ, ఈ-వెరిటో, ఆఫీసు ట్యాక్సీలుగా తిరిగిన పాత టిగోర్ ఈవీలు కనిపిస్తున్నాయి. బెంగళూరు దగ్గరే కాబట్టి కర్ణాటక నంబరు బండ్లు కూడా మన వైపు వస్తుంటాయి. కొత్తదాని రేటుతో పోలిస్తే బాగా తక్కువకు దొరుకుతాయి. రోజుకు ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఇవి చక్కగా సరిపోతాయి.

కొనాలనుకునే ప్రతివాళ్లూ మొదట అడిగేది "బ్యాటరీ పోతే ఎట్లా?" అనే. అడగాల్సిన ప్రశ్నే. అయితే మన ఊళ్లో పాత ఈవీని నిజంగా ఇబ్బంది పెట్టేవి రెండు: ఒకటి ఎండ, రెండోది ఇంటి కరెంటు, ముఖ్యంగా ఎర్తింగు (లీకైన కరెంటును నేలలోకి పంపే ఏర్పాటు). ఈ రెండూ సరిచేసుకున్న ఇంట్లో పాత బ్యాటరీ కూడా ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తుంది. అందుకే వీటి గురించే కాస్త ఎక్కువగా చెబుతాను.

కొనేముందు చూడాల్సినవి

బండి దగ్గరికి వెళ్లగానే ముందు చార్జింగ్ మూత తీసి చూడండి. పైన ఏడు రంధ్రాల గుండ్రటి సాకెట్, దాని కింద రెండు పెద్ద రంధ్రాలు ఉంటే అది సీసీఎస్‌2. ఇప్పుడు హైవేల మీద పెడుతున్న ఫాస్ట్ చార్జర్లలో ఎక్కువ భాగం ఈ రకమే. ఈ-వెరిటో, 2019 నాటి టిగోర్ ఈవీ లాంటి పాత బండ్లలో ఫాస్ట్ చార్జింగ్‌కు జీబీటీ అనే వేరే రకం సాకెట్ ఉండేది. దానికి సరిపోయే గన్ను (చార్జర్ కేబుల్ చివర ఉండే పిడి) ఉన్న స్టేషన్లు తక్కువ. అలాంటి బండి ఊళ్లో తిరగడానికి బాగుంటుంది కానీ బెంగళూరుకో కర్నూలుకో తీసుకెళ్దామంటే కష్టం. మూత తీసినప్పుడే పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగిందా, ఎక్కడైనా కాలిన మచ్చ ఉందా అని టార్చి వేసి చూడండి. మచ్చ ఉందంటే ఎప్పుడో లూజు కనెక్షన్‌తో చార్జింగ్ పెట్టినట్టే.

తర్వాత బ్యాటరీ. డ్యాష్‌బోర్డు మీద కనిపించే రేంజి అంకెను నమ్మకండి. అది గత కొన్ని కిలోమీటర్లు ఎలా నడిపారన్నదాన్ని బట్టి మారిపోతుంది. మీరే లెక్క తీసుకోవచ్చు. అమ్మేవాళ్లను ఒప్పించి, బండి 20 శాతంలో ఉన్నప్పుడు మామూలు 15 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి 80 శాతం దాకా చార్జ్ చేయించండి. మధ్యలో యూనిట్లు చూపించే చిన్న మీటరు పెట్టండి. అది లేకపోతే ఇంట్లో మిగతావన్నీ ఆపేసి కరెంటు మీటరు రీడింగు ముందూ వెనకా రాసుకోండి. గోడ నుంచి తీసుకున్న కరెంటులో సుమారు 12 శాతం వేడిగా, ఇతరత్రా పోతుంది. తొలి నెక్సాన్ ఈవీ బ్యాటరీ 30.2 యూనిట్లది. 60 శాతం ఎక్కడానికి 20న్నర యూనిట్లు తీసుకుంటే అందులో 18 యూనిట్లు బ్యాటరీకి చేరినట్టు, అంటే దాదాపు కొత్తదానిలాగే ఉంది. 17 యూనిట్లకే 80 శాతం చూపిస్తే బ్యాటరీకి చేరింది 15, పూర్తి సామర్థ్యం 25 యూనిట్లు, అంటే ఆరోగ్యం 83 శాతం దగ్గర ఉందన్నమాట. ఐదారేళ్ల బండికి అది చెడ్డ అంకె కాదు. దాన్ని చూపించి ధర మాత్రం తగ్గించుకోవచ్చు. ఓబీడీ డాంగిల్ (కారు లోపలి లెక్కల్ని ఫోన్‌కు పంపే చిన్న పరికరం), ఫోన్ యాప్ ఉన్నవాళ్లు సెల్స్ (పెద్ద బ్యాటరీ లోపలి చిన్న బ్యాటరీలు) మధ్య వోల్టేజీ తేడా కూడా చూడొచ్చు. అన్నీ సమానంగా ఉండి ఒక్కటే బాగా కిందికి పడుతుంటే ఆ బండి వదిలేయండి.

నెక్సాన్ ఈవీ బ్యాటరీకి, మోటారుకు కంపెనీ ఇచ్చిన వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. 2020లో తీసిన బండికి 2028లో ముగుస్తుంది. మిగిలిన వారంటీ మీ పేరు మీదికి వస్తుందో లేదో సర్వీసు సెంటర్‌లో ఛాసిస్ నంబరు చెప్పి అడగండి. సర్వీసు చరిత్ర ప్రింటు తీయించుకోండి. ఒకటి రెండు సర్వీసులు ఎగ్గొట్టిన బండైతే వారంటీ మాట రాతపూర్వకంగా వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు.

కాగితాల విషయం క్లుప్తంగా. కర్ణాటక బండైతే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రావాలి. అమ్మకానికి ఫారం 29, 30. అప్పు మీద కొన్నదైతే ఫారం 35, బ్యాంకు లేఖ. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలు దాటి ఉంచితే మన నంబరు వేయించుకోవాల్సిందే. అప్పుడు ఇక్కడి ట్యాక్సు ఎంత పడుతుందో కొనేముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి, ఎందుకంటే బేరం లాభమంతా అక్కడ పోవచ్చు. ఇన్సూరెన్సు 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. సొంత బండికి ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలుండాలి. పసుపు అక్షరాలుంటే అది ట్యాక్సీగా రిజిస్టరైన బండి. పొల్యూషన్ సర్టిఫికెట్ గొడవ లేదు.

ఇంట్లో సాకెట్ పెట్టించుకోవడం

బండి ఇంటికి రాకముందే ఈ పని చేయించండి. గీజరుకో ఏసీకో వాడే 15 ఆంపియర్ల సాకెట్ ఉంది కదా అని అందులో పెట్టేస్తారు చాలామంది. గీజరు పావుగంటలో ఆగిపోతుంది. కారు మాత్రం 12, 13 ఆంపియర్ల చొప్పున ఆరేడు గంటలు ఆగకుండా లాగుతుంది. పాత వైరింగ్ ఆ భారానికి వేసింది కాదు.

కావలసింది ఇది: మీటరు బోర్డు నుంచి నేరుగా, మధ్యలో అతుకులు లేకుండా, 4 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు. దూరం ఇరవై మీటర్లు దాటితే 6 ఎస్‌క్యూ ఎంఎం. దానికి వేరేగా 20 ఆంపియర్ల ఎంసీబీ (భారం మించితే తనే పడిపోయే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్టేసే స్విచ్), అందులోనూ టైప్ ఏ రకం. చివర మంచి కంపెనీ 16 ఆంపియర్ల సాకెట్. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు, ఒక్క రాత్రికి కూడా. ఈ లైన్‌ను ఇన్వర్టరు వైపు కలపనివ్వకండి. చార్జింగ్ కేబుల్ మధ్యలో ఉండే బరువైన డబ్బా గాలిలో వేలాడితే ప్లగ్గు కిందికి లాగబడి లూజవుతుంది. గోడకు ఒక కొక్కెం కొట్టి డబ్బాను దానికి తగిలించండి. మొదటిసారి పెట్టిన గంట తర్వాత చార్జింగ్ ఆపి, స్విచ్ కట్టేసి, ప్లగ్గును పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్ మార్చాలి, లేదా లోపల స్క్రూలు బిగించాలి.

ఇక ఎర్తింగు. మన ఊళ్లో సగం కథ ఇక్కడే ఉంది. మీరు ప్లగ్గు పెడతారు, డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంది, కారు చార్జింగ్ తీసుకోదు. కారు పాడైందనుకుని సర్వీసు సెంటర్‌కు ఫోన్ చేస్తారు. చాలాసార్లు కారుకు ఏమీ కాదు. ఇంటికి సరైన ఎర్త్ లేదని గుర్తుపట్టి చార్జర్ తనే ఆగిపోయింది. ఇరవై ముప్పై ఏళ్ల కిందటి ఇళ్లలో మూడో పిన్నుకు వైరు ఉంటుంది, ఆ వైరు ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. గుంత ఉన్నా రాతినేలలో మూడడుగులు తవ్వి వదిలేసి ఉంటారు. వేసవి వచ్చేసరికి ఆ మట్టిలో చుక్క తడి ఉండదు.

ఇలాంటప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు చెప్పే మార్గం ఒకటుంది. మీ ఇంటికొచ్చిన మనిషి కూడా చెప్పొచ్చు.

"ఎర్త్ లేకుంటే ఏమైతాదన్నా, సాకెట్‌లోనే న్యూట్రల్‌ను మూడో పిన్నుకు కలిపేస్తా. చార్జింగ్ ఎక్కుతాది సూడు."

"వద్దన్నా. న్యూట్రల్ తెగితే కారు బాడీకి కరెంటొస్తాది. పిల్లలు డోరు పట్టుకుంటారు. కొత్త గుంత కొట్టు, ఎంతైనా ఇస్తా."

ఈ మాట కచ్చితంగా చెప్పండి. అలా కలిపితే నిజంగానే చార్జింగ్ ఎక్కుతుంది, ప్రమాదం అందులోనే ఉంది. చార్జర్ చేసిన హెచ్చరికను నోరు మూయించినట్టవుతుంది. ఎక్కడైనా న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే వైరు) తెగిన రోజున ఫేజు (కరెంటు తెచ్చే వైరు) కరెంటు మొత్తం కారు ఇనుప బాడీ మీదికి వస్తుంది.

కొత్త ఎర్త్ గుంతకు రెండున్నర, మూడు మీటర్ల జీఐ పైపు గానీ రాగిపూత కడ్డీ గానీ దించాలి. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయడం పాత పద్ధతి. ఉప్పు కాలక్రమేణా పైపును తినేస్తుంది కాబట్టి తడిని పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి నింపడం నయం. నాలుగడుగుల్లోనే రాయి తగిలితే రెండు గుంతలు తీసి జోడించండి. వాటి మధ్య దూరం కనీసం కడ్డీ పొడవంత ఉండాలి. పూర్తయ్యాక ఎర్త్ టెస్టర్‌తో కొలిపించండి, 5 ఓమ్‌లలోపు వస్తే మంచిది. టెస్టర్ దొరక్కపోతే మామూలు మల్టీమీటర్‌తో సాకెట్ దగ్గర మూడు కొలతలు తీయండి: ఫేజు-న్యూట్రల్ 230 దగ్గర, ఫేజు-ఎర్త్ కూడా దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. చివరిది చార్జింగ్ నడుస్తుండగా కొలవాలి, లోడు లేనప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయి. ఈ కొలతలు అలవాటున్న మనిషితోనే చేయించండి.

వేసవిలో ఎర్త్ గుంతకు వారానికి రెండు బకెట్ల నీళ్లు పోయాలి. గుర్తుండదనుకుంటే ఏసీ నుంచి కారే నీటి పైపును గుంతలోకి మళ్లించండి. ఏసీ ఎక్కువ నడిచే రోజుల్లోనే నేల కూడా ఎక్కువ ఎండుతుంది, ఆ నీళ్లు సరిగ్గా అవసరమైనప్పుడే పడతాయి.

లోడు, బిల్లు

మీ కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (ఒకేసారి వాడుకోవడానికి మంజూరైన కరెంటు) ఎంతుందో చూడండి. పాత ఇళ్లకు ఒకటో రెండో కిలోవాట్లు ఉంటుంది. కారు ఒక్కటే మూడు కిలోవాట్లు తీసుకుంటుంది కాబట్టి మన కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్‌కు అదనపు లోడు దరఖాస్తు పెట్టుకోండి. ఇంటి కనెక్షన్‌కు నెలవారీ ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కు 10 రూపాయలే, దానికి జంకి దాచిపెట్టాల్సిన పని లేదు. కరెంటు సమస్యలకు 1912కు ఫోన్ చేయొచ్చు. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లు కామన్ మీటరు జోలికి పోకుండా తమ మీటరు నుంచే పార్కింగ్ దాకా లైను లాగించుకుంటే అసోసియేషన్‌తో గొడవ ఉండదు. సొంత కనెక్షన్ నుంచే ఇంట్లో కారు చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లోనే స్పష్టంగా చెప్పింది.

ఖర్చు లెక్క వేసుకుందాం. రోజుకు 40 కిలోమీటర్లు, కిలోమీటరుకు గోడ దగ్గర 0.16 యూనిటు. నెలకు 192 యూనిట్లు. 2022-23 టారిఫ్ నుంచి మన ఇళ్లకు తొలి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఇప్పటికే 150 యూనిట్లు వాడే ఇంటికి ఎనర్జీ చార్జీ 567 రూపాయలు. కారుతో కలిపి 342 యూనిట్లయితే 2,041 రూపాయలు. అంటే కారు వాటా సుమారు 1,474, కిలోమీటరుకు రూపాయి పావలా లోపే. సర్దుబాటు చార్జీలు వేరే పడతాయి. లీటరు 110 రూపాయల దరిదాపుల్లో ఉన్న పెట్రోలుతో 15 కిలోమీటర్ల మైలేజీ ఇచ్చే కారుకు ఏడు రూపాయలు దాటుతుంది.

ఏసీలు ఎక్కువ ఉండి ఇప్పటికే 400 యూనిట్లు దాటిన ఇంట్లో కారు ప్రతి యూనిటూ 9.75 మీద పడుతుంది. అలాంటివాళ్లకు మిద్దె మీద సోలార్ పెట్టుకోవడం మంచిది. 3 కిలోవాట్ల ప్యానెళ్లు మన ఎండకు రోజుకు సగటున 12 యూనిట్ల దాకా ఇస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఆ సైజుకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. నెట్ మీటరు (ఇచ్చిన కరెంటునూ తీసుకున్న కరెంటునూ లెక్కించేది) ఉంటే పగలు పండిన కరెంటును రాత్రి కారుకు వాడుకున్నట్టే లెక్క కుదురుతుంది.

రోజూ చార్జింగ్ ఎప్పుడు, ఎంత

రాత్రి పదకొండు దాటాక పెట్టండి. ఊళ్లో ఏసీలు, టీవీలు నడిచే వేళ వోల్టేజీ పడిపోతుంది. పదకొండు తర్వాత నిలకడగా ఉంటుంది, గాలి కూడా చల్లబడుతుంది. కారులో గానీ యాప్‌లో గానీ టైమర్ ఉంటే పెట్టుకోండి. లేకపోతే పడుకోబోయే ముందు ప్లగ్గు పెట్టేయండి. 20 నుంచి 80 శాతానికి ఆరేడు గంటలు పడుతుంది, తెల్లారేసరికి సిద్ధం. పల్లెల్లో వోల్టేజీ 190కి పడిపోయినా చాలా బండ్లు చార్జింగ్ ఆపవు, నెమ్మదిగా తీసుకుంటాయి. 13 ఆంపియర్ల దగ్గర 230 వోల్టులుంటే మూడు కిలోవాట్లు, 190 ఉంటే రెండున్నర. స్టెబిలైజర్ కొనాల్సిన పనిలేదు. తరచూ ఆగిపోతుంటే మాత్రం లైన్‌మన్‌ను పిలిచి సర్వీసు వైరు, స్తంభం దగ్గరి జాయింటు చూడమనండి.

రోజువారీగా 20, 80 మధ్య ఉంచడం మంచి అలవాటు. ఇందులో ఒక మెలిక ఉంది. తొలి నెక్సాన్‌లో ఉన్నది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ. ఇందులో 30 శాతం దగ్గరా 70 శాతం దగ్గరా వోల్టేజీ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అందువల్ల కారు వేసుకునే శాతం లెక్క రోజులు గడిచేకొద్దీ తప్పుతుంది. 15 శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి 5కి పడిపోయే బండ్ల సంగతి ఇదే. పది పదిహేను రోజులకోసారి ఇంటి దగ్గర నెమ్మదిగా 100 దాకా ఎక్కించి, చార్జర్ తనంతట తను ఆగేదాకా వదిలేయండి. సెల్స్ సమానమవుతాయి, లెక్క సరిపడుతుంది. ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం బ్యాటరీలున్న బండ్లను మాత్రం ప్రయాణం ఉన్నప్పుడే నూరుకు తీసుకెళ్లండి. ఏ రకమైనా సరే, నూరు శాతంతో ఎండలో రోజంతా నిలబెట్టకూడదు.

ఎండ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. బ్యాటరీకి ఆ కార్తె ఫిబ్రవరి చివర్లోనే మొదలై జూన్ దాకా సాగుతుంది. లిథియం బ్యాటరీకి 25 డిగ్రీల దరిదాపులు హాయిగా ఉంటాయి. 40 దాటాక, అదీ నిండా చార్జింగ్‌తో ఉంటే, లోపల రసాయనాలు త్వరగా అరుగుతాయి. నడిపినా నడపకపోయినా ఈ అరుగుదల జరుగుతూనే ఉంటుంది. అందుకే బెంగళూరులో ఐదేళ్లు తిరిగిన బండికీ మన ఊళ్లో ఐదేళ్లు ఎండలో నిలబడిన బండికీ బ్యాటరీ ఆరోగ్యంలో తేడా వస్తుంది. కొనేటప్పుడు కర్ణాటక బండికి ఇదొక మంచి మార్కు.

నీడ ఇవ్వండి. వేపచెట్టు నీడ అన్నిటికన్నా చల్లన. రేకుల షెడ్డు వేస్తే మధ్యాహ్నం రేకు కాలిపోయి ఆ వేడంతా కిందికి దిగుతుంది. రేకు కింద ఒక అడుగు ఖాళీ వదిలి ఆకుపచ్చ నెట్టు కట్టండి, లేదా రేకు మీద తెల్లటి కూల్ పెయింటు వేయండి. పక్కల గోడలు మూసేయకండి, గాలి ఆడాలి. సిమెంటు గచ్చు సాయంత్రం దాకా వేడి చిమ్ముతూ ఉంటుంది. బ్యాటరీ ఉండేది సరిగ్గా దాని పైనే కాబట్టి పొద్దుగూకాక గచ్చు మీద నీళ్లు చల్లడం పనికొస్తుంది.

మధ్యాహ్నం ధర్మవరమో తాడిపత్రో వెళ్లి వచ్చి వెంటనే ప్లగ్గు పెట్టకండి, గంటో రెండు గంటలో ఆరనివ్వండి. ఎండాకాలం ఫాస్ట్ చార్జింగ్ కావాలంటే ఉదయం పది లోపే చేసుకోండి.

ఇంకో మాట, దీన్ని చాలామంది పట్టించుకోరు. నెక్సాన్ లాంటి బండ్లలో బ్యాటరీని చల్లబరిచే ద్రవాన్ని చల్లబరిచేది కారు ఏసీ కంప్రెసరే. ఏసీ గ్యాసు తగ్గినా, ముందున్న, వేడిని బయటికి వదిలే కండెన్సర్‌లో దుమ్ము పేరుకున్నా లోపల మనకు ఉక్కపోయడమే కాదు, బ్యాటరీ కూడా వేడెక్కుతుంది. అప్పుడు ఫాస్ట్ చార్జింగ్ స్పీడు పడిపోతుంది. "ఏసీ కొంచెం తక్కువ కొడుతోందిలే, అడ్జస్ట్ అయిపోదాం" అనుకోకండి. మార్చిలోనే ఏసీ సర్వీసు చేయించండి. మన మట్టిరోడ్ల దుమ్ముకు కండెన్సర్‌ను ఏడాదికి రెండుసార్లు తక్కువ ఒత్తిడి నీటితో కడిగించాలి.

కూలెంట్ డబ్బాలో మట్టం నెలకోసారి చూడండి. తగ్గితే కంపెనీ చెప్పిన కూలెంటే పోయించాలి. బోరు నీళ్లు ఒక్క గ్లాసు కూడా వద్దు. గిన్నెలకు, గీజర్లకు తెల్లటి పొర కట్టించే మన నీళ్లు బ్యాటరీ పక్కనుండే సన్నటి దారుల్లో ఏం చేస్తాయో ఊహించుకోండి.

హైవే, ఎత్తు, గాలి

పాత బండితో బెంగళూరు వెళ్లొచ్చు, కానీ లెక్కతో వెళ్లాలి. ఆరోగ్యం 83 శాతం ఉన్న నెక్సాన్ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో 160 కిలోమీటర్ల దాకా వస్తుందనుకుందాం. అనంతపురం నుంచి బెంగళూరు 210 కిలోమీటర్ల పైచిలుకు. ఒక్క స్టాపు తప్పదు. ఇంటి నుంచి నిండా ఎక్కించుకుని బయల్దేరి, బాగేపల్లి అటూ ఇటూ ఒకసారి 80 దాకా పెట్టుకోవడం సుఖం.

ఇక్కడ డ్యాష్‌బోర్డు చెప్పని సంగతి ఒకటుంది. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంటే బెంగళూరు 920 మీటర్లలో ఉంది. పదహారు వందల కిలోల బండిని, మనుషులతో కలిపి, ఆ ఎత్తుకు ఎక్కించడానికే రెండున్నర యూనిట్లు పైన పోతాయి. పాతబడిన బ్యాటరీలో అది పదో వంతు. ఘాట్ రోడ్డు ఏదీ కనిపించదు కాబట్టి ఎక్కుతున్నట్టు తెలియదు. వచ్చేటప్పుడు అందులో కొంత తిరిగి దక్కుతుంది. అందుకే వెళ్లేటప్పటి రేంజి చూసి దిగులుపడొద్దు, వచ్చేటప్పటి రేంజి చూసి మురిసిపోయి తిరుగు లెక్క వేయొద్దు.

వేగం తగ్గిస్తే రేంజి పెరుగుతుందని అందరికీ తెలుసు, ఎంతో మాత్రం తెలియదు. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80 నుంచి 100కు పోతే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మన వైపు నైరుతి గాలి బలంగా వీస్తుంది. ఉరవకొండ, కళ్యాణదుర్గం, రామగిరి వైపు గాలిమరలు పెట్టింది అందుకే. ఆ రోజుల్లో కళ్యాణదుర్గం వైపు బండి పోతుంటే ఎదురుగాలి తగులుతుంది. రోడ్డు పక్కన మరల రెక్కలు జోరుగా తిరుగుతూ, వాటి ముఖం మీరు పోతున్న దిక్కుకే ఉంటే మీ రేంజిలో పది పదిహేను శాతం కోత వేసుకుని ప్రయాణం అనుకోండి.

స్టేషన్‌కు పోయేముందు యాప్‌లో ఈమధ్య ఎవరైనా అక్కడ చార్జ్ చేశారో లేదో చూసి, వీలైతే ఫోన్ చేసి గన్ను పనిచేస్తోందో కనుక్కోండి. 25 శాతం మిగిలుండగానే మొదటి స్టేషన్‌కు చేరేలా వెళ్తే, అది పాడై ఉన్నా తర్వాతి దానికి పోగలరు. బోర్డు మీద 60 కిలోవాట్లని రాసి ఉన్నా పాత బండి అందులో సగానికి అటూ ఇటూ మాత్రమే తీసుకుంటుంది, ఎంత తీసుకోవాలో కారే నిర్ణయిస్తుంది. 80 దాటాక బాగా నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడితో ఆపి బయల్దేరడం మీకూ వెనక నిలబడ్డవాళ్లకూ మేలు. తాడిపత్రి, ముద్దనూరు మీదుగా కడప వెళ్లేదారిలో స్టేషన్లు హైవే అంత దగ్గరదగ్గరగా ఉండవు. ఆ వైపు పోతే చేరే ఊళ్లో ఎవరింట్లోనైనా ఎర్త్ బాగున్న 15 ఆంపియర్ల సాకెట్ ఉందో ముందే మాట్లాడుకోండి.

బండిలో మిగతావి

పాత ఈవీ రోడ్డు మీద ఆగిపోతే మొదట అనుమానించాల్సింది చిన్న 12 వోల్టుల బ్యాటరీని. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, ఇది చచ్చిపోతే కారు తెలివిలోకి రాదు. వేడికి ఇవి మూడు నాలుగేళ్లకే అయిపోతాయి. రాత్రంతా ఆగిన బండిలో 12.4 వోల్టులకన్నా తక్కువ చూపిస్తుంటే మార్చేయండి. ఈవీ నుంచి వేరే పెట్రోలు బండికి జంప్ స్టార్ట్ ఇవ్వకండి, అది దీని చిన్న బ్యాటరీని నింపే కన్వర్టర్‌కు మంచిది కాదు.

రీజెనరేషన్ (వేగం తగ్గేటప్పుడు మోటారే బండిని నెమ్మదింపజేస్తూ బ్యాటరీకి కరెంటు పంపడం) వల్ల బ్రేక్ ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. అదే వాటి జబ్బు కూడా: వాడకం లేక డిస్కుకు తుప్పు, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులకు పట్టుడు. వారానికోసారి ఖాళీ రోడ్డు మీద రీజెన్ తగ్గించి నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేయండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. బరువు, టార్కు వల్ల టైర్లు త్వరగా అరుగుతాయి. గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడు కొలవండి, పదివేల కిలోమీటర్లకోసారి ముందూ వెనకా మార్పించండి.

ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బానెట్ తీసి చూసేటప్పుడు నారింజ రంగు వైర్లు కనిపిస్తాయి. నెక్సాన్ లాంటి బండ్లలో అవి మూడొందల వోల్టుల పైన కరెంటు మోసేవి. ఏ మెకానిక్కునూ వాటిమీద చెయ్యి వేయనివ్వకండి, టేపు చుట్టనివ్వకండి. కొరికిన గుర్తు ఉంటే బండిని లారీ మీద సర్వీసు సెంటర్‌కు పంపించాలి. చక్రాలు నేల మీద ఉండగా తాడు కట్టి లాగించొద్దు, మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది.

నెలరోజులు ఊరికి పోతుంటే 50, 60 శాతం మధ్య నీడలో వదిలి, మాన్యువల్లో చెప్పినట్టు 12 వోల్టుల బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ప్లగ్గు పెట్టి పోవద్దు.

వాన విషయంలో మనకు ధీమా ఎక్కువ. కానీ 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. చక్రం సగానికి మించి నీళ్లున్నచోట బండి దించకండి. నిలిపిన బండి మునిగిపోతే నీళ్లు తీశాక స్టార్ట్ చేసి చూడొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. దూరం నుంచే ఫోటోలు తీసి ఇన్సూరెన్సుకు పంపి, లారీ మీద వర్క్‌షాపుకు చేర్చండి. కింద నుంచి బుసలాంటి చప్పుడో, ఘాటైన వాసనో, పొగో వస్తే మనుషుల్ని దూరంగా పంపి 101కి ఫోన్ చేసి ఎలక్ట్రిక్ కారని చెప్పండి. అవేవీ లేకున్నా, హైవోల్టేజీ వైరింగ్ ఇన్సులేషన్ కొలిచి సరేనని వర్క్‌షాపు వాళ్లు రాసిచ్చాకే తాళంచెవి చేతిలోకి తీసుకోండి.